తంగేడు కషాయానికి రెండో పరీక్ష

నిన్న జనగామ బస్టాండులో ఒకడు నా ముక్కు కింద సీసా మూత తీశాడు. తంగేడు చెక్క కషాయం. ఆ వగరు వాసనకే ఒళ్లు మండింది. "డెంగీ మందు బాపు, ల్యాబుల తేలింది" అన్నాడు. ఏ ల్యాబో నాకు తెలుసు. దాన్ని నడిపింది నేనే. అంటే, తాళాలు నా దగ్గర ఉండేవి. నడిపింది మహబూబాబాద్ రజియా మేడం.

డెంగీ వైరస్ పెరగడానికి వాడుకునే ఎంజైమును ఆపే మందు కోసం ఆమె వెతికేది. ప్లాస్టిక్ పలకలోని చిన్న గుంటల్లో ఆ ఎంజైమునూ, అది కత్తిరిస్తే వెలిగే పదార్థాన్నీ పోసేవాళ్లం. గుంట చీకటిగా ఉండిపోతే ఎంజైము ఆగినట్టు. తంగేడు రసం పోసిన గుంటలన్నీ చీకటే. డైరెక్టరు లడ్డూలు తెప్పించాడు. "మహదేవపూర్ దిక్కు జరాలున్నయ్. రేపే సీసాలు పంపుదాం, సంతకం పెట్టుండ్రి."

"జర ఆగుండ్రి సార్. ఏం ఆపుతదో చూసినం. ఏం ఆపదో చూడొద్దా?" అంది మేడం.

అప్పుడు నేను లేచి డైరెక్టరును నిలదీశాను. అబద్ధం. నా నోట్లో లడ్డూ ఉంది.

మేడం అదే రసాన్ని మన కడుపులో అన్నం అరిగించే ఎంజైము మీద పోసింది. అదీ ఆగిపోయింది. వైరస్ ఎంజైముకు గుడ్డు తెల్లసొన ప్రోటీను కలిపి మళ్లీ పోసింది. చీకటి గుంటలన్నీ వెలిగాయి.

"తోళ్లు పదును చేసేటోళ్లు గీ చెక్కనే ఎందుకు వాడుతరు సార్? ఏ ప్రోటీను దొరికితే దాన్నే పట్టుకుంటది. తెల్లసొన దొరకంగనే ఎంజైమును ఇడిచిపెట్టింది. వైరస్ దాక ఏడ పోతది? మంది ఇది తాగి దవాఖానకు పోకుంటే ఎట్ల?"

"మనకు పేరొస్తది మేడం."

"పేరు మీది సార్, జరం వాళ్లది."

ఆమె సంతకం పెట్టలేదు. ఆమె కుర్చీని సామాన్ల గదిలో వేశారు. వేరొకరు సంతకం పెట్టారు. ఆ సీసాలే ఇంకా తిరుగుతున్నాయి.

నిన్న నా పక్కన చిట్యాల తల్లి ఒకామె, జ్వరంతో కాలిపోతున్న కొడుకును భుజాన వేసుకుని, సీసా కోసం చేయి చాపింది. "ఇది ఏం ఆపదో చెప్పు" అని వాణ్ణి అడిగాను. "అన్ని ఆపుతది బాపు" అన్నాడు గర్వంగా. ఆ సీసాను నేలకేసి కొట్టానని ఇంట్లో చెప్పాను. కొట్టలేదు. "నడువు బిడ్డా, దవాఖానకు పోదాం" అని ఆమెను ఆటో ఎక్కించాను.

అక్కడ డాక్టరమ్మ గోలీలు ఇస్తుంటే మేడం దగ్గర అబ్బిన పాత అలవాటు ఊరుకోలేదు. "ఇవి ఏం ఆపయమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "జరమే తగ్గిస్తయి పెద్దయ్యా, వైరస్‌ను ఆపయి. అందుకే పిలగాన్ని ఈడనే ఉంచుకొని రోజూ రక్తం చూస్తం."

మేడం ప్రశ్నకు ఇన్నేళ్లకు ఒకరు సూటిగా జవాబు చెప్పారు. దాంతో నా కోపం చల్లారింది. చల్లారిందని రాశాను గానీ, లేదు.