ఆపిల్ సారా పట్టుకుని ముంచింగిపుట్టు బావ దగ్గరికి

పోయిన చలికాలం మా అనంతగిరి కాఫీ తోట చూడడానికి వచ్చిన ఫ్రాన్సు మనిషి వెళ్తూ ఒక సీసా ఇచ్చాడు. వాళ్ల వైపు ఆపిల్ రసం పులియబెట్టి, సారా కాచి, చెక్క పీపాల్లో ఏళ్లకేళ్లు ఉంచుతారట. పేరు కాల్వడోస్. జనం ఆ ఊళ్లన్నీ తిరుగుతూ రుచి చూస్తారట. ఇప్పసారా కాచే ఊళ్లు మాకూ ఉన్నాయి. అందులో మంచి చెయ్యి మా అక్క మొగుడిది. ఆరేళ్ల కిందట ఒక పెళ్లిలో ఆయన సారా పొగ కంపు కొడుతోందని నలుగురిలో అన్నాను. ఉన్నదే అన్నాను. అప్పటినుంచి బావ మా ఇంటికి రాలేదు. క్షమించమనడం నాకు చేతకాదు. సీసా పట్టుకుని బయలుదేరాను.

పొద్దున్న ఆరున్నరకు బస్సెక్కితే ఎనిమిదికి అరకు. ఇడ్లీ తిని పాడేరు జీపు ఎక్కాను, పాడేరులో ముంచింగిపుట్టు జీపు మారాలి. దారి ఖర్చుకు మూడొందలు ఉంచుకోండి. డ్రైవరు అద్దంలో నన్నే చూస్తున్నాడు.

"తాతా, పసిగుడ్డునెత్తుకున్నట్టు ఒళ్లో ఎట్టుకున్నావు. ఏటది?"

"నీ బండి కన్నా వయసుంది దానికి. గోతులు సూసి నడుపు."

ఒంటిగంటకు ముంచింగిపుట్టులో దిగి, అక్కడినుంచి బావ ఊరికి గంట నడిచాను. బావ పెరట్లో సారా పొయ్యి దగ్గర ఉన్నాడు. తలెత్తలేదు.

"పొగ వాసన పడనోడు పొయ్యికాడికెందుకొచ్చినాడే?" అని అక్కను అడిగాడు.

నేను సీసా ముందు పెట్టాను. బావ పెద్దల పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద పోశాడు. ఒక చుక్క అరచేతిలో రుద్ది వాసన చూశాడు. తర్వాత తాగాడు.

"కాసినోడు తొందరపడనేదు," అన్నాడు.

అప్పుడు ఆకు దొన్నెలో తన సారా పోసి నాకిచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఊరికే బాగుందంటే పట్టేస్తాడు. పొగ ఉందంటే మళ్లీ మాటలుండవు. భయపడుతూనే తాగాను. ఇప్పపువ్వు తీపి గొంతు దాకా వచ్చింది.

"పొగ నేదు బావా."

"ఆ పెళ్లినాడు ఉంది. కుండ అడుగంటింది, నాకు తెల్సు. సెవిలో సెప్తే నీ సొమ్మేటి పోయింది?"

"నా నోటికి సెవిలో సెప్పడం రాదు."

"నోరు నీది, మంకుతనం ఈయనది," అంది అక్క. "తిందురుగాని బేగి రండి."

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. మీరూ ఆ రోజే తిరిగి వచ్చేద్దామనుకోకండి. ఫ్రాన్సు సారా మెత్తగా దిగుతుంది, కాదనను. కానీ మా దాంట్లో పువ్వు ఇంకా చెట్టు మీదే ఉన్నట్టుంటుంది. ఆ మనిషి మళ్లీ వస్తే ఈ పెరటికే తీసుకొస్తాను. ఇక వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆ గోతుల దారిలో సీసాను సంచిలో పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి. ఖాళీ అయిన ఫ్రాన్సు సీసా నిండా తన సారా పోసుకుని, బావ మర్నాడు నాతోపాటు అలాగే ఒళ్లో పెట్టుకుని మా ఇంటిదాకా వచ్చాడు.