రెండు గంటలకోసారి

మా పెద్దమ్మను ఆసుపత్రిలో గడియారం సిస్టర్ అనేవారు. మంచం పట్టిన రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండవుతుందని ముప్పై ఏళ్లు అందరితో పోట్లాడింది. "ఈవిడకు పనీపాటా లేదు" అని డాక్టర్లు నవ్వారు. తిప్పినప్పుడల్లా టిక్కు పెట్టే కాగితమొకటి గీసి ప్రతి మంచానికీ తగిలించింది. పుళ్లు తగ్గాయి. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, పేరు పెద్ద డాక్టరు కొట్టేశాడు. పెద్దమ్మకు వార్డు గోడమీద ఫొటో దక్కింది.

పక్షవాతం వచ్చి చివరికి ఆ ఫొటో కిందే పడుకుంది. కబురు తెలిసి పదో రోజు వెళ్లి దుప్పటి తీస్తే, నడుం కింద అరచేయంత పుండు! కాగితం చూశాను. అప్పటికి మధ్యాహ్నం పన్నెండే, టిక్కులు మాత్రం సాయంత్రం ఆరుదాకా ఉన్నాయి.

"పొద్దున్నే అన్నీ పెట్టేస్తామండీ" అంది నర్సు, దాపరికం లేకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ తడబడుతూ, "దాన్నేం అనకే. అరవై మంచాలకు అదొక్కతే" అంది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పెద్దమ్మ పోయింది. ఆ కాగితం ప్రకారం ఆమెను నాలుగింటికి ఎడమకీ, ఆరింటికి కుడికీ తిప్పారు.