అగ్గిపెట్టెలోని స్క్రూలు

నా చిన్నప్పుడు, దసరా వెళ్లిన రెండవ ఆదివారం, ఉదయం పదింబావుకు, మొయినాబాద్‌లోని మా తాతయ్య మరమ్మతు దుకాణంలో ఒక మనిషి మీద నేను నేరం మోపాను. ఆ రోజు మబ్బు పట్టింది గాని చినుకు పడలేదు. దుకాణంలోని గడియారం నాలుగు నిమిషాలు ముందు నడిచేది. ఆ నాలుగూ తీసివేసిన తర్వాతనే ఈ సమయం రాస్తున్నాను. నాకప్పుడు పదకొండేళ్లు.

అవి ఊరూరా కంప్యూటర్ చదువుల బోర్డులు వెలసిన రోజులు. అంతవరకు కుట్టుమిషన్లు, మిక్సీలు బాగుచేసిన మా తాతయ్యకు, కొత్తగా తెరిచిన ఒక శిక్షణ కేంద్రం వారు తమ పన్నెండు కంప్యూటర్లను అప్పగించారు. నెలకొకసారి రోజుకు రెండేసి చొప్పున తెచ్చి, డబ్బాలు విప్పి, దుమ్ము దులిపి తిరిగి బిగించాలి. ఆ పని చేసేది ముడిమ్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అన్న. ఐదేళ్లుగా మా దుకాణంలోనే ఉన్నాడు. తాతయ్య మాత్రం కుట్టుమిషన్లు వదలలేదు. వాటికి కావలసిన స్క్రూడ్రైవర్లు, అంటే మొన చదునుగా ఉండే మైనస్ పేచ్‌కస్‌లే ఆయన చేతిలో ఉండేవి.

దసరా తర్వాత కంప్యూటర్ల స్క్రూలు చెడిపోవడం మొదలైంది. తల మీద ప్లస్ గుర్తు ఉండవలసిన చోట గుండ్రటి గుంట మిగిలేది. అటువంటి స్క్రూను పట్టకారుతో పీకవలసిందే. కేంద్రం నడిపే ఆయన శుక్రవారం వచ్చి చూసి, "ఇంకో డబ్బా గిట్ల ఖరాబైతే చేవెళ్లల వేరేటోనికి ఇచ్చుకుంటం" అని చెప్పి వెళ్లాడు. ఆ పని పోతే అన్నను ఉంచుకోవడం తాతయ్యకు సాధ్యం కాదు.

నేను అన్నను అనుమానించాను. బస్సు అందుకోవాలన్న తొందరలో పని పాడుచేస్తున్నాడని తీర్మానించి, స్టూలు మీద కూర్చుని నోటు పుస్తకంలో తేదీ, డబ్బా సంఖ్య, చెడిన స్క్రూల సంఖ్య రాయసాగాను. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు అతడు ఏదో ఒకటి జేబులోని అగ్గిపెట్టెలో వేసుకోవడం కూడా రాసుకున్నాను. ఆదివారానికి లెక్క పదిహేడుకు చేరింది.

"తాతా, అన్న స్క్రూలు ఖరాబు చేసి దాస్తుండు. పదిహేడు. తారీఖులతోని రాసిన. పనిలకెల్లి తీసెయ్."

అన్న చేతిలోని పని ఆపాడు. "మా చెల్లె సీఐడీల చేరిందా ఏంది" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "దాస్తలేను కాకా. చేవెళ్లల అదే సైజువి దొరుకుతయేమో చూద్దామని పెట్టిన. ఐదేండ్ల సంది చేస్తున్న, ఎన్నడన్న ఇట్లయిందా? నా చెయ్యి ఎందుకు జారుతున్నదో నాకే సమజైతలేదు."

నేను నమ్మలేదు. జేబులో దాచినవాడు ఇంకేమి చెబుతాడు?

తాతయ్య ఎవరి పక్షమూ వహించలేదు. ఒక చెక్క ముక్క, రెండు కొత్త స్క్రూలు, ముందురోజే చేవెళ్ల నుంచి తెచ్చిన కొత్త పేచ్‌కస్ నా ముందు పెట్టి బిగించమన్నాడు. మొదటి స్క్రూ చక్కగా దిగింది. రెండవదానికి, అన్న రోజూ వాడే పళ్లెంలోంచి ఒక పేచ్‌కస్ తీసి ఇచ్చాడు తాతయ్య. మూడు చుట్లు తిరిగాక అది ఎగిరిపడింది. స్క్రూ తల నున్నగా అరిగిపోయింది.

"నా తప్పు కాదు తాతా, ఇదే జారుతున్నది!"

"మరి వాని చేతిల జారితే వాని తప్పెట్లయితది బిడ్డా?"

తాతయ్యకూ అనుమానమే, కానీ ఆయన అనుమానం మనిషి మీద కాదు. సూదితో ఆ పేచ్‌కస్ మొనను గీకితే, నాలుగు అంచుల మధ్య నుంచి పసుపు, ఎరుపు కలిసిన గట్టి పెచ్చు ఊడిపడింది. నేను దానిని గుర్తుపట్టాను. దసరా నాడు తొమ్మిది ప్లస్ పేచ్‌కస్‌లను నీళ్లతో కడిగి, మొనకు పసుపు, కుంకుమ పెట్టింది నేనే. బొట్టు రాలకూడదని బడి సంచిలోని జిగురు కలిపిందీ నేనే. అది రాయిలా బిగిసి, మొనను స్క్రూలో పూర్తిగా కూర్చోనివ్వలేదు.

"ఎందుకు తుడవలేదురా?" అని తాతయ్య అన్నను అడిగాడు.

"ఇంటి ఆడపిల్ల పూజ చేసి పెట్టిన బొట్టు. ఎట్ల తుడుస్త కాకా?"

 ఆ మధ్యాహ్నం తొమ్మిదింటినీ నా చేతనే శుభ్రం చేయించారు. వేడినీళ్లు, పాత పళ్లబ్రష్, పొడిగుడ్డ, చివర ఒక చుక్క మిషన్ నూనె. ఏ స్క్రూకు ఏది సరిపోతుందో తాతయ్య అప్పుడే చూపించాడు: స్క్రూలో ఆనించినప్పుడు మొన అటూ ఇటూ ఊగితే అది దాని సైజు కాదు. డబ్బా మూతలు లేపడానికి వాడవద్దన్నాడు. సాయంత్రం, నోటు పుస్తకంలో 'అన్న' అని ఉన్న ప్రతిచోటా కొట్టివేసి 'నేను' అని రాసి అతనికి చూపించాను. "నీ చేతిరాత బాగున్నది చెల్లె" అని మాత్రం అన్నాడు. మరుసటి నెల పన్నెండు డబ్బాలూ విప్పి బిగించాడు. ఒక్క స్క్రూ చెడలేదు.

నాకు ఇప్పుడొక వర్క్‌షాపు ఉంది. అక్కడ అందరికంటె పెద్ద నేనే. నేటికీ అంకెలనే నమ్ముతాను, నేటికీ అనుమానిస్తాను. అయితే ముందు పనిముట్టును, ఆ తర్వాత నన్ను, చివరకు మాత్రమే ఎదుటివారిని. దసరాకు బొట్టు పనిముట్టు పిడికే పెడతాము, మొనకు కాదు.

నా పుస్తకంలోని లెక్క కూడా తప్పే. ఆ రోజు అన్న అగ్గిపెట్టె బోర్లించి లెక్కిస్తే ఇరవై మూడు వచ్చాయి. చెక్కలో నేను పాడుచేసినది ఒకటి. మొత్తం ఇరవై నాలుగు.