మా అమ్మకు వరంగల్ అంతా ఎరుకే

కేసముద్రంలో ఒక తల్లి, ఏడెనిమిదేండ్ల బిడ్డ ఎక్కి నా ఎదుట కూర్చున్నరు. పొద్దుటి మంచులో రైలు తేలిపోతున్నట్టుంది. తల్లి రోజూ ఇదే బండిలో వరంగల్ మిర్చి యార్డుకు కూలికి పోతదట. ఇయ్యాల పని మాని బిడ్డకు కోట చూపిస్తదట.

"మా అమ్మకు వరంగల్ అంతా ఎరుకే!" అన్నది పిల్ల, డబ్బా అంతా వినేటట్టు.

దిగినం. తల్లి అలవాటు కొద్దీ యార్డు ఆటోల దిక్కు నాలుగడుగులేసి ఆగిపోయింది.

"కోట ఎటే అమ్మా?"

ఆమె మొఖం తెల్లబోయింది. ఇన్నేండ్లు ఈ ఊరికొచ్చినా యార్డు తప్ప ఏదీ చూడనియ్యని ఆ బతుకు మీద నాకు ఒళ్లు మండింది. కోపం మింగి ఆమెనే అడిగిన:

"జర చెప్పు బిడ్డా, కోటకు అండర్ బ్రిడ్జి దాటి, శివనగర్ మీదికెల్లే గదా?"

ఆమె నా కండ్లల్లకు చూసింది. "ఔ బాపూ, గటే."

పిల్ల నా వేలు పట్టుకున్నది. "ఫికర్ చెయ్యకు తాతా. మా అమ్మ ఉన్నది గదా."

నేను ఆ కోట మట్టిగోడ పక్కనే పుట్టిన. దాని సంగతి ఎవరన్నా తప్పు చెప్తే కొట్లాడే మనిషిని. ఆ పొద్దు మాత్రం, ఏమీ తెల్వనోని లెక్క, మంచులో వాళ్ల వెంట నడిచిన.

ఇప్పటికీ ఆ తొవ్వల పోతే ఆ వేలు వెచ్చగుంటది.