ఘాటు రాని మిరపకాయలు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయే మనిషిని. మా ఇంట్లో ప్రార్థనే గాని దిష్టులు, తాయెత్తులు లేవు. బతికున్నవాళ్ళు మోసం చేస్తారంటే నమ్ముతాను. చచ్చినవాళ్ళు వచ్చి ఏదో చేస్తారంటే నమ్మను. ఇది చదివి ముసలిదానికి మతి పోయిందనుకుంటే అనుకోండి.

గుంటూరు నడిబొడ్డున ఒక పాత కాంప్లెక్సు. కింద షాపులు, పైన ఆఫీసులు. కింద మెట్ల పక్కన నా కుట్టుమిషను. చీరలకి ఫాల్సు కుడతాను, జాకెట్లు కుడతాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ మూలే నాకు అన్నం పెట్టింది. నా పక్కన ఖాసిం గాజుల కొట్టు.

ఓనర్లు బిల్డింగు బాగుచేయిస్తామన్నారు. అద్దాల గోడలు, కొత్త లిఫ్టు అన్నారు. పైన ఆఫీసులన్నీ ఖాళీ అయ్యాయి. మమ్మల్నీ వెళ్ళమన్నారు. పని అయ్యాక ఎవరి చోటు వాళ్ళకే ఇస్తామన్నారు. రాసివ్వండి అన్నాను. నోటిమాట చాలదా అన్నారు. యాభై దాటాక చర్చిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని, నోటిమాటకీ రాతకీ తేడా నాకు తెలుసు. కదలనన్నాను. నన్ను చూసి మిగతా షాపులవాళ్ళూ ఆగారు.

సరిగ్గా అప్పుడే పుకారు పుట్టింది. రెండో అంతస్తులో ఎవరో ఉన్నారట. గోడలు పగలగొడుతుంటే వెనక నిలబడి ఊపిరి పీలుస్తున్నారట. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు పైకి ఎక్కం అంటూ మొరాయించారు.

"దయ్యమూ లేదు, దాని బొందా లేదు. మనల్ని పంపెయ్యడానికి సూపర్‌వైజరు ఆడిస్తున్న నాటకంరా ఇది" అన్నాను ఖాసింతో.

"నాటకానికి టిక్కెట్టు మన షాపులేనా అక్కా?" అన్నాడు.

సూపర్‌వైజరు పేరు కోటేశ్వరరావు. కూలీల భయం పోగొట్టడానికని పట్టపగలు పైన దిష్టి తీయించాడు. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. ఘాటొచ్చి అందరూ దగ్గితే ఏమీ లేనట్టు, ఘాటు రాకపోతే ఏదో ఉన్నట్టు అని మా వైపు నమ్మకం. ఘాటు రాలేదు. కూలీలు పనిముట్లు అక్కడే పడేసి దిగిపోయారు. మర్నాటికి మూడు షాపులవాళ్ళు సామాను సర్దడం మొదలుపెట్టారు. వాళ్ళు పోతే నా ఒక్కదాని మాట ఎవడు వింటాడు?

నా అనుమానం కోటేశ్వరరావు మీదే. ఘాటు చచ్చిన పాత తాలుకాయలు వేయించి ఉంటాడనుకున్నాను. మా తమ్ముడి చేలో ఈ ఏడు పండిన కాయలు ఇంటి నుంచి తెచ్చాను. ఆ పొద్దున పోపులో వేస్తే పక్కింటివాళ్ళు తిట్టిన కాయలవి. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసుకుని, ఖాసింని వెంటబెట్టుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక పైకెక్కాను.

కోటేశ్వరరావు వద్దంటూనే వెనకాల వచ్చాడు. "మామ్మగారూ, మీకేమన్నా అయితే నా మీదకొస్తుందండి" అన్నాడు.

"రానీ. నీ మీదకి రావాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి" అన్నాను.

రెండో అంతస్తులో గోడలన్నీ కొట్టేశారు. కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు బిగించారు, గాలి ఆడదు. చివర ఒక్క గది మిగిలింది, తలుపు వేసి ఉంది.

పెట్టె మూత తీసి కాయలు వేశాను. చిటపటలాడి నల్లబడ్డాయి. పొగ లేచింది. మొహం దగ్గర పెట్టుకున్నాను. వేణ్ణీళ్ళ ఆవిరి పీల్చినట్టుంది, అంతే. మిర్చి యార్డు ముందు బస్సులో పోతేనే తుమ్మే ఖాసిం ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఆ గదిలో దగ్గు వినిపించింది. ఊపిరాడనట్టు, ఆగకుండా. ఇక్కడి ఘాటంతా అక్కడ ఒక్కరే పీల్చుకుంటున్నట్టు.

దాచిపెట్టిన మనిషి దొరికాడనుకుని, బయటికి రారా అంటూ తలుపు తోశాను. గది ఖాళీ. కిటికీ లేదు, ఇంకో తలుపు లేదు. కరెంటు వైర్లు కూడా పీకేసిన ఉత్త గోడలు. స్పీకరేదన్నా పెట్టారేమోనని గుమ్మంలోంచే మూలమూలా చూశాను. కింద సిమెంటు. ఊళ్ళో మేస్త్రీని బతిమాలి కోటేశ్వరరావు ఆ పొద్దునే పోయించాడు. వేలు పెడితే దిగింది. దాని మీద పిల్లి అడుగు కూడా లేదు.

వెనక్కి తిరిగాను. కోటేశ్వరరావు చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. "మీక్కూడా వినపడిందా మామ్మగారూ?" అన్నాడు. నాటకమాడే మొహం కాదది.

పెట్టె పట్టుకుని దిగుతుంటే మెట్ల మలుపులో ఘాటు ముగ్గుర్నీ ఒక్కసారే పట్టుకుంది. గోడ పట్టుకుని దగ్గుకుంటూ దిగాం.

కింద షాపులవాళ్ళంతా చుట్టూ చేరారు. విన్నది విన్నట్టే చెప్పాను. అప్పుడు కోటేశ్వరరావుతో అన్నాను.

"పైనున్నది ఎవరో గాని ఖాళీ చెయ్యలేదు. నేనూ చెయ్యను. రాసిస్తే అప్పుడు చూద్దాం. మీ ఓనర్లకి చెప్పు."

మర్నాడు నేను మిషను తీశాను, ఖాసిం కొట్టు తీశాడు. సామాను సర్దినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ విప్పుకున్నారు. కూలీలేమో కింద షాపులు తెరిచి జనం తిరుగుతుంటేనే పైకి ఎక్కుతామని కూర్చున్నారు. వేరే కూలీలు ఎవరూ రాలేదు. చివరికి ఓనర్లే వచ్చి, మేం వెళ్ళనక్కర్లేదనీ, ఎవరి షాపులు వాళ్ళవేననీ రాసిచ్చారు.

ఇప్పుడు ఆ బిల్డింగు అద్దాలతో తళతళలాడుతోంది. నా మిషను నా మూలలోనే ఉంది. ఇందులో ఏదో మోసం ఉందని ఈనాటికీ వెతుకుతూనే ఉన్నాను. మోసం ఎవరిదో తెలియాలంటే లాభం ఎవరికొచ్చిందో చూడాలన్నది నా పద్ధతి. ఎటునుంచి చూసినా లాభం వచ్చింది మాకే. మేమేమీ చెయ్యలేదు.