మేడ్చల్ తొట్టిలో మునిగిన క్లాంపు

పోయిన వానాకాలం మేం పంపిన పైపు క్లాంపులు తుర్కపల్లి ల్యాబు గోడౌనులోనే తుప్పు పట్టాయి. తుప్పు పట్టని పూతతో నమూనా తెచ్చి మర్నాడు మధ్యాహ్నం మూడింటిలోగా చూపించాలని, లేదంటే ఆర్డరు వేరేవాళ్లకేనని స్టోరు మేడమ్ ఖరాఖండిగా చెప్పేసింది. మా అల్వాల్ షెడ్డుకున్న పెద్ద గిరాకీ అదొక్కటే. చూపిస్తాను, నాకేం భయం! క్లాంపు ఒకటి సంచిలో వేసుకుని పొద్దున్నే మేడ్చల్ లోకల్ రైలెక్కాను.

ఇనుము మోసుకుని ఎక్కడికని పక్క సీట్లోని పూలమ్మే అవ్వ ఆరా తీసింది. స్నానం చేయించడానికన్నాను. పడీపడీ నవ్వింది.

స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో ఇనుముకు పూతలు వేసే జాఫర్ భాయ్ షెడ్డుకు చేరేసరికి పది. వేడి సోడా నీళ్లలో జిడ్డు, యాసిడ్‌లో తుప్పు వదిలించి, కడిగి ఫాస్ఫేట్ తొట్టిలో ముంచితే ఇనుము మీద బూడిదరంగు పొర కడుతుంది. క్లాంపును కడిగాక, తొట్టిలో ముంచకముందే భాయ్ ఫోనొస్తే బయటికెళ్లాడు. కొత్త పనిలో మొదటి ముక్కకు బొట్టు పెట్టనిదే మా ఇంట్లో ఏదీ ముందుకు కదలదు. పొద్దున హడావిడిలో మరిచానని, పర్సులోంచి కుంకుమ తీసి వేలితో దానికి బొట్టు పెట్టేశాను.

తొట్టిలోంచి తీస్తే అంతా బూడిదరంగే, నా వేలు తగిలినంత మేర మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"తలకు నూనె రాసుకున్నవా అక్కా? గా జిడ్డు మీద మందు పట్టది," అన్నాడు భాయ్.

మళ్లీ చేద్దామంటే సాయంత్రం దాకా తొట్టి ఖాళీ లేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. మచ్చ మీద రంగేసి ఇస్తానన్నాడాయన.

"రంగేస్తే రేపు పెచ్చు లేస్తది, ఇజ్జత్ పోతది. గిట్లనే తీస్కపోత," అన్నాను.

తడిగుడ్డ అడిగి క్లాంపును అందులో చుట్టుకున్నాను. పూత నిజంగా ఆపుతుందో లేదో దారిలోనే తేలిపోతుంది.

శామీర్‌పేట దాకా బస్సు. ఆడవాళ్లకు టిక్కెట్టు సున్నా. అక్కడి హోటల్లో బిర్యానీ ఘుమఘుమలాడుతున్నా ముద్ద దిగదనిపించి మజ్జిగతో సరిపెట్టుకుని, తుర్కపల్లి బస్సెక్కాను.

రెండున్నరకు మేడమ్ ముందు గుడ్డ విప్పాను. వేలు తగిలినచోట ఎర్రగా తుప్పు. మిగతా అంతా తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె గోటితో గీకింది, అటూ ఇటూ తిప్పింది.

"పూత లేనికాడనే పట్టింది," అంది చివరికి. "ఆర్డర్ మీకే. జల్దీ పంపుండ్రి."

అల్వాల్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇనుము పని చేసేవాళ్లెవరైనా ఈ దారిన ధైర్యంగా వెళ్లిరావచ్చు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. మా ఆయనకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"షెడ్డు కిరాయికిస్తమని అట్ట మీద రాసి పెట్టిన," అన్నాడు. "నువ్వొచ్చినంక గేటుకు కడదామనుకున్న."

నా కళ్లు నిండాయి. ఆ అట్టను వెనక్కి తిప్పి, పనివాళ్లు కావలెనని రాయమన్నాను.