తిరుపతిలో నా ఫ్లాటు, ఉరఫ్ పలమనేరు సత్రం

సొంత ఇంటి తలుపు తట్టి, "ఈ పూటకు కాస్త చోటు దొరుకుతుందా?" అని అడిగిన ఇంటి యజమానిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే తీరిగ్గా చూడండి, నేనే. పేరు ఖాదర్. పలమనేరులో బట్టలు కుడతాను. కొలత తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టిన పాపాన ఎన్నడూ పోలేదు. అలాంటివాణ్ణి, ఒకే ఒక్క మాట కొలత చూసుకోకుండా వదిలాను. ఇల్లు పోయినంత పనైంది.

నాలుగేళ్ళ కిందటి సంగతి. అప్పుడు నాకు నలభై నాలుగు. దాన్ని కుర్రతనం అంటే నవ్వుతారు గానీ, నేను చేసింది వింటే మీరే ఒప్పుకుంటారు. ఎలాగైనా ఒక ఇల్లు కొని బాడుగకు ఇవ్వాలని పట్టుబట్టాను. ఎక్కడ కొనాలి? బెంగుళూరులో గడప కొనడానికి కూడా మా అంగడి చాలదు. పలమనేరులో కొంటే బాడుగకు దిగేది మా బంధువులే. వాళ్ళను బాడుగ అడిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. ఇక మిగిలింది తిరుపతి.

"సూడు ముంతాజ్," అని మా ఆవిడకు పాఠం మొదలుపెట్టాను. "ఆ ఊరు ఎట్ల పెరుగుతాండాదో సూసినావా? ఒగపక్క రేణిగుంట దాకా పొయ్యింది, ఇంగోపక్క చంద్రగిరిని ముట్టుకునింది. ఆసుపత్రులు, కాలేజీలు, ఇమానాలు. యా ఊరికైనా జనం పనిమీద వస్తారు, ఈ ఊరికి మొక్కుమీద వస్తారు. పని నిలిచిపోతాదేమో గానీ మొక్కు నిలిచిపోతాదా?"

"జనం వస్తారు, సరే. బాడుగ ఇచ్చేవాళ్ళు వస్తారా?"

"పిచ్చిదానా! తిరుపతిలో ఖాళీగా ఉండే ఇల్లు ఒగటి సూపించు!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇందులో ఒక్క అక్షరం కూడా తప్పు కాలేదు. నా ఇల్లు ఒక్క రోజైనా ఖాళీగా ఉండలేదు.

ముంతాజ్ తన నాలుగు గాజులూ తీసి నా చేతిలో పెట్టింది. మేమిద్దరం సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుకుంటాం. కోపం వస్తే మాత్రం ఆమె పూర్తిగా తెలుగులోకి దిగుతుంది, వీధికంతా అర్థం కావాలని. ఆ రోజు కోపం రాకముందే తెలుగులోకి దిగింది. "షబానా ఇంటరు అయినాక తిరుపతిలో నర్సింగు సదవాలంటాంది. ఈ ఇంటి బాడుగతోనే దాన్ని హాస్టల్లో పెట్టాల. గాజులు పోతే పోనీ. బిడ్డ సదువు నిలిచిందో, నిన్ను ఇడిచేది ల్యా."

తిరుచానూరు రోడ్డు లోపల, రెండో అంతస్తులో, రెండు గదుల ఫ్లాటు కొన్నాను. కొన్నవాణ్ణి నోరు మూసుకుని ఉన్నానా? ఫ్లాటుకు ఫోటో తీయించి, పటం కట్టించి, అంగడిలో గిరాకీలకు ఎదురుగా తగిలించాను. దాని కింద ఒక మేకు కొట్టి, తాళంచెవి వేలాడదీశాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఒక ముక్క మరిచిపోయారు. ఇల్లు కొని చెప్పి చూడు అని కూడా అనాల్సింది.

మొదట పటం చూసింది పాలడిపో నడిపే సుబ్రమణ్యం నాయుడు. చొక్కా కొలతలకు వచ్చాడు.

"ఈ ఫోటో ఏంది ఖాదర్ భాయ్?"

"తిరుపతిలో మన ఇల్లు నాయుడూ. బాల్కనీలో నిలబడితే కొండ కనపడతాది."

"అబ్బా! తిరుపతిలో ఇల్లా!"

ఆ 'అబ్బా'తో నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. టేపు చేతిలోనే ఉంది, కొలుచుకోలేదంతే. "కొండకు పొయ్యేటప్పుడు మన ఇంట్లోనే దిగు నాయుడూ! రూముల కోసం యాడ తిరుగుతావు?" అనేశాను. ఆయన అడగలేదండీ. నేనే పిలిచాను. పిలిచింది ఒకణ్ణి, ఆ సమయానికి అంగడిలో ఉన్నది ఆరుగురు.

మా వైపు కొండకు పోయేవాళ్ళకు చోటు లేదనడమంటే, దాహమేసినవాడికి నీళ్ళు లేవన్నట్టే. అందులో నా దేవుడా, నీ దేవుడా అనే లెక్క ఉండదు. నేను దర్గాకు పోయేదీ నాయుడి బండిలోనే. శుక్రవారం ఆయన వచ్చి తాళంచెవి అడిగితే చిరునవ్వుతో ఇచ్చాను. సోమవారం లడ్డు తెచ్చిచ్చాడు. బుధవారం ఇస్త్రీ బండి గోపాల్ అడిగాడు, ఇచ్చాను. ఆ తర్వాత మా షబానాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ. ఆమెకు లేదంటే కళ్ళు పోవూ? మూడో వారానికి మేకు ఉంది, తాళంచెవి లేదు.

"నాయుడూ, తాళంచెవి యాడప్పా?"

"టీచరమ్మ దగ్గర మా మేనల్లుడు తీసుకున్యాడు భాయ్."

"మరి మేనల్లుడేడి?"

"వాడు వచ్చి మంగలి రాజన్నకిచ్చినాడంట. రాజన్న వాళ్ళ వియ్యంకుడికిచ్చినాడు. ఏం, నీకు కావాల్నా? వచ్చేవారం యావన్నా సందు ఉండాదేమో అడిగి సూస్తా."

ఇంట్లో మాత్రం నేను వేరే కథ నడిపాను. ముంతాజ్ "బేరం కుదిరిందా?" అంటే, "వస్తాండారు. మంచోళ్ళ కోసం సూస్తాండా" అనేవాణ్ణి. ఇంట్లో డబ్బా నిండా లడ్లు.

"ఇవి యాడివి?"

"గిరాకీలు ఇచ్చినారు."

"పలమనేరుకంతా ఒగేసారి భక్తి పుట్టిందా?"

అలా ఏడాది గడిచింది. షబానాకు తిరుపతిలో నర్సింగు సీటు వచ్చింది. పిల్ల కాగితం పట్టుకుని ఇల్లంతా గంతులేస్తుంటే నేను లడ్ల డబ్బా మూత బిగించాను. బిడ్డ హాస్టలు ఖర్చును నేను నా ఛాతీ కొలతకు ధారపోశానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఏమైనా సరే, ఈ నెలలో ఆ ఇంట్లో బాడుగ ఇచ్చే మనిషిని దించాల్సిందే. ఊరంతా గాలించి, తిరుపతి కాలేజీలో పాఠాలు చెప్పే ఒక లెక్చరర్‌ను పట్టుకున్నాను. ఆదివారం పొద్దున చూస్తానన్నాడు. ఆలోపు ఇల్లు ఖాళీ చేయించమని నాయుడికి చెప్పాను. "అట్లనే భాయ్" అన్నాడు. అనడానికేం, ఆ కబురు మంగలి రాజన్న దాకా వెళ్ళి అక్కడే కూర్చుంది.

"నేనూ వస్తా," అంది ముంతాజ్. "నా గాజులు యాడుండాయో సూడాల."

తిరుపతి బస్టాండులో లెక్చరర్ సారు కలిశాడు. ముగ్గురం ఆటో దగ్గరకు పోయాం. నేను అపార్టుమెంటు పేరు చెప్పాను. డ్రైవరుకు తెలియలేదు. రోడ్డు చెప్పాను, సందు చెప్పాను, సందు మొదట్లో ఉన్న మందుల అంగడి చెప్పాను. అతని ముఖం వెలిగింది.

"అట్ల చెప్పు సామీ! పలమనేరు సత్రమా? ఎక్కండి. రోజుకు పది ట్రిప్పులు కొడతాండా!"

ముంతాజ్ నా వైపు తిరిగింది. నేను రోడ్డు మీద బర్రెలను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

చెప్పులు కింద మెట్ల దగ్గరే మొదలయ్యాయి. మా తలుపు మీద చాక్‌పీసుతో ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలు రాశారు. లెక్చరర్ సారు పైకి చదివాడు: "పలమనేరు సత్రం. చెప్పులు బయట విడువవలెను. నీళ్ళు పొదుపుగా వాడవలెను." అది టీచరమ్మ చేతిరాతే.

తలుపు తీసింది తాజాగా గుండు చేయించుకున్న ఒక పెద్దమనిషి. నేనెప్పుడూ చూడలేదు.

"యా ఊరప్పా మీది?"

"పలమనేరు."

"అయితే మనోళ్ళే, రాండి రాండి! వంటింట్లో ఒగ మూల ఉండాది. స్నానానికి మటుకు వరసలో ఉండాల. మీది పదకొండో నెంబరు."

నేను వెనక్కి తగ్గానా? పట్టుదల మనిషిని. "సార్, ఇది హాలు," అన్నాను. హాలు కనపడలేదు, గంధం పూసిన గుండ్లు కనపడ్డాయి. "ఇది బాల్కనీ," అన్నాను. ఎనిమిది పంచెలు ఆరేసి ఉన్నాయి. "ఈడినుంచి కొండ కనపడతాది," అని ఒక తడి పంచె పక్కకు లాగాను. నిజంగానే కనపడింది.

"ఇల్లు బాగుందండీ," అన్నాడు లెక్చరర్ సారు, మర్యాదస్తుడు. "ఖాళీ అయ్యాక చెప్పండి." మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే షబానా హాస్టలు కూడా దిగి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

గోడవార కూర్చున్న ఒక ముసలవ్వ ముంతాజ్ చేతిలో లడ్డు ముక్క పెట్టింది.

"ఇందా తల్లీ, పెసాదం. మాది వి.కోట, పలమనేరు పక్కనే."

"ఈ సత్రం ఎవరిదవ్వా?" అని అడిగింది ముంతాజ్.

"ఎవురో భాయ్ అంట మా. పేరు తెలీదు. ఆయప్పకు సదువుకునే బిడ్డ ఉండాదంట. నిన్న మా మనవడికి గుండు కొట్టించినాక, ఆ బిడ్డ పేరన గూడా ఒగ దండం పెట్టినా. పేరు తెలీదు కదా, 'భాయ్ కూతురు సామీ, నీకు తెలిసే ఉంటాదిలే' అని చెప్పినా."

ముంతాజ్ లడ్డు ముక్క నోట్లో వేసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత గుండు పెద్దమనిషి ముందు చెయ్యి చాపింది. "తాళంచెవి." ఆయన మొలతాడు నుంచి విప్పి ఇచ్చాడు. అలా ఏడాది తర్వాత నా తాళంచెవిని కళ్ళారా చూశాను, మా ఆవిడ కొంగుకు ముడి పడుతుండగా.

"ఏమయ్యా," అంది, పూర్తి తెలుగులో. "బిడ్డ సదువు నిలిచేది ల్యా. షబానా ఈ ఇంట్లోనే ఉంటాది. నేనూ ఈడనే ఉంటా, మిషను తెచ్చుకుంటా. ఇంత ఊర్లో రవికలు కుట్టించుకునేవాళ్ళు లేరా? బాడుగా వద్దు, హాస్టలూ వద్దు."

"మరి నేను?"

"నీకు పలమనేరులో పటం ఉండాది కదా. సూసుకుంటా కూర్చో."

అన్నట్టే చేసింది. షబానా ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. ఊరు పెరిగే కొద్దీ ముంతాజ్ మిషనుకు పని పెరుగుతోంది. కొండకు వచ్చేవాళ్ళను ఆమె కాదనలేదు. ముందు ఫోను చేయాలి, రోజుకు ఒక్క కుటుంబమే. మొన్న నేను ఫోను చేయకుండా వెళ్ళి తలుపు తట్టాను.

"ఈ పూటకు కాస్త చోటు దొరుకుతాదా?"

"ఫోను చేసినావా?"

"ల్యా."

"హాల్లో వి.కోట అవ్వోళ్ళు ఉండారు. వంటింట్లో ఒగ మూల ఉండాది. స్నానానికి..."

"పదకొండో నెంబరు," అన్నాను నేనే.

ఆ వంటింటి మూలలో కూర్చుని, నా కత్తెర మీద, టేపు మీద ఒట్టేసుకున్నాను. ఇంకో ఇల్లు కొని తీరతాను, అందులో మాట లేదు. కానీ ఈసారి పటం కట్టించను, మేకు కొట్టను, ఎవరు 'అబ్బా' అన్నా ఛాతీ పెంచను. అన్నిటికన్నా ముఖ్యం, దేవుడు లేని ఊళ్ళో కొంటాను. కాణిపాకం చూశాను, వినాయకుడున్నాడు. కాళహస్తి చూశాను, ఈశ్వరుడున్నాడు. మా పలమనేరులోనే గంగమ్మ ఉంది. అలాంటి ఊరు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉంటే నాకు చెప్పండి. కాస్త మెల్లగా చెప్పండి, నాయుడు అంగడిలోనే ఉన్నాడు.